శుభలేఖకు రిబ్బను కట్టే పిల్లలకు

నెల్లూరు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

అక్క సీమంతానికి నలభై ఆహ్వానాలు మీరే సొంతంగా తయారు చేస్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. మీరు పంపిన ఫొటో చూశాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. రిబ్బను దగ్గరే రెండు లోపాలు కనిపించాయి. రిబ్బనుతో ముడివేసిన పువ్వు అడ్డంగా విచ్చుకోకుండా నిలువుగా నిలబడింది, రిబ్బను మధ్యలో జిగురు మరక తేలింది.

ముందు జిగురు సంగతి. శాటిన్ రిబ్బను పలచన. నీళ్లతో చేసిన తెల్ల జిగురు రాస్తే తడి దారాల సందుల్లోంచి పైకి వస్తుంది, ఆరాక అక్కడ మెరుపు పోతుంది. కింద కాగితం కూడా తడి పీల్చుకుని ఉబ్బుతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఆ రోజుల్లో జిగురు త్వరగా ఆరదు కూడా. మా చెల్లెలి పెళ్లికి నేను చేసిన కార్డులన్నీ ఇలాగే వంకర తిరిగాయి. ముహూర్తం దగ్గర పడుతుండగా మళ్లీ మొదటి నుంచి చేశాను. మీకు ఆ కష్టం రాకూడదు. రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చుకుని, రిబ్బను కన్నా సన్నగా కత్తిరించి అంటించండి. తరువాత ఉదయగిరి చెక్క గరిటె వెనక భాగంతో మెల్లగా రుద్దండి, నున్నగా పరుచుకుంటుంది. ఇంట్లో మార్కాపురం పలక ఉంటే, రిబ్బను అంటించిన కార్డులను రాత్రంతా దాని కింద పెట్టండి. పువ్వులు మాత్రం ఆ తరువాతే అంటించాలి.

రిబ్బనును మడత కార్డు మొత్తానికి చుట్టకండి, విప్పితే గాని చదవలేరు. పై అట్టకు మాత్రమే చుట్టి, రెండు కొసలను ముందు వైపు, పువ్వు వచ్చే చోట కలపండి. అతుకు పువ్వు కింద దాగిపోతుంది. అట్ట లోపలి వైపు కనిపించే పట్టీ మీద తెల్ల కాగితం అంటిస్తే సరి. చుట్టేటప్పుడు బిగించి లాగవద్దు. లాగితే అట్ట అంచు నొక్కుకుపోయి కార్డు విల్లులా వంగుతుంది.

ఇక పువ్వు. దీన్ని కార్డు మీదే ముడివేయాలని చూడకండి, విడిగా కట్టి అంటించండి. మొదటి ముడికి కుడి కొసను ఎడమ కొస మీదుగా తెచ్చారనుకోండి, రెండోసారి మడతలు వేసి ముడివేసేటప్పుడు ఎడమ దానిని కుడి దాని మీదుగా తేవాలి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే పువ్వు నిలువుగా తిరుగుతుంది. మీ ఫొటోలో జరిగింది అదే. జడకు రిబ్బను కట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం, అద్దం ముందు నిలబడి పది సార్లు కట్టి చూడండి. రెండు వైపులా మెరిసే శాటిన్ కొనండి, లేకపోతే కొసలు మెలి తిరిగినప్పుడు వెలిసినట్టున్న వెనక వైపు బయటపడుతుంది.

మీ కార్డు వెడల్పు 5 అంగుళాలు. చుట్టుకు 10, అతుకుకు 1, పువ్వుకు 12, మొత్తం 23 అంగుళాలు. నలభై కార్డులకు 920 అంగుళాలు, అంటే 23 మీటర్ల పైచిలుకు. 25 మీటర్లు తెచ్చుకోండి.

కొసలను నిలువునా సగానికి మడిచి, అంచులు కలిసిన వైపు నుంచి మడత వైపుకు ఏటవాలుగా పైకి కత్తిరిస్తే చేప తోకలా వస్తుంది. పాలిస్టర్ రిబ్బను అయితే కొసను కొవ్వొత్తి మంట దగ్గరగా క్షణం పాటు చూపితే కరిగి, పోగులు రాకుండా ఆగుతుంది. మంట పసుపు భాగానికి తగిలితే తెల్ల రిబ్బనుకు మసి పడుతుంది. ఈ పని అమ్మ పక్కన ఉన్నప్పుడే చేయాలి. నా పాత వెంకటగిరి చీర జరీ అంచు కూడా పంపుతున్నాను, రిబ్బను కన్నా నాకు అదే అందంగా తోస్తుంది. అది నూలుది, మంటకు కరగదు, కాలిపోతుంది. దాని కొసలను లోపలికి మడిచి అంటించండి.

దూరం ఊళ్లకు తపాలాలో పంపే కార్డులకు పువ్వు వద్దు, నలిగిపోతుంది. చదునైన పట్టీ చాలు. చేతికిచ్చే వాటికే పువ్వులు పెట్టండి.

నాలుగు మూలలా పసుపు రాయడం మాత్రం రిబ్బను కట్టక ముందే కావాలి. తడి పసుపు శాటిన్‌కు అంటితే వదలదు. పసుపు పూర్తిగా ఆరాక ఒక్క కార్డు కట్టి, దగ్గర నుంచి ఫొటో తీసి నాకు పంపండి. అది చూశాక మిగతా ముప్పై తొమ్మిది మొదలుపెడదాం.

మీ అమ్మమ్మ