సాకురా నుంచి సుతెమా దాకా

టోక్యోలోని ఓతా వార్డులో ఒక క్లినిక్ ఉంది. ఫ్లూ టీకా కోసం వచ్చినవాళ్లకు అక్కడ ఒక ఆఫర్ పెట్టారు. గూగుల్ మ్యాప్స్‌లో క్లినిక్‌కి నాలుగో ఐదో స్టార్లు ఇస్తే టీకా ఖర్చులో 550 యెన్లు తగ్గిస్తారు. మన డబ్బుల్లో సుమారు మూడొందలు. 2024 జూన్‌లో జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ ఆ క్లినిక్ నడిపే వైద్య సంస్థకు ఉత్తర్వు ఇచ్చింది. 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన ‘సుతెమా’ నిబంధన కింద వచ్చిన మొదటి ఉత్తర్వు అదే.

మన ఊళ్లలో బిల్లు కట్టేటప్పుడు ‘సార్, ఫైవ్ స్టార్ కొట్టండి, ఐస్‌క్రీమ్ ఫ్రీ’ అంటే నవ్వుకుని కొట్టేస్తాం. మూడొందల రూపాయల దగ్గర ప్రభుత్వం కలగజేసుకుందంటే, అక్కడ దీని వెనక చాలా కాలంగా నలుగుతున్న గొడవ ఉందన్నమాట.

సుతెమా అంటే ‘స్టెల్త్ మార్కెటింగ్’ను జపనీయులు కుదించుకున్న మాట. డబ్బు తీసుకున్న సంగతి దాచిపెట్టి, మామూలు మనిషిలా పొగడటం. మాట కొత్తదే కానీ పని పాతది. దానికి పాత పేరు ‘సాకురా’, అంటే చెర్రీ పువ్వు. కబుకి నాటకశాలల్లో టికెట్ లేకుండా లోపలికి వచ్చి, సమయం చూసి కేకలు వేసి ఆటను రక్తి కట్టించేవాళ్లను అలా అనేవారట. పూలు చూడటానికి ఎవరూ డబ్బు కట్టరు కదా, అందుకని ఆ పేరని చెబుతారు. ఇప్పుడు కిరాయికి పొగిడే ఎవరినైనా సాకురా అనే అంటారు.

ఇక చట్టం సంగతి. 1960లో జపాన్‌లో ఆవు బొమ్మ వేసి అమ్మిన మాంసం డబ్బాల్లో గుర్రం మాంసం, తిమింగలం మాంసం ఉన్నట్టు బయటపడింది. జనం మండిపడ్డారు. దాని పర్యవసానంగా 1962లో తప్పుదారి పట్టించే ప్రకటనలు, మితిమీరిన బహుమతుల మీద ఒక చట్టం వచ్చింది. ఈ రోజు ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు వర్తిస్తున్నది కూడా ఆ డబ్బాల చట్టమే. అయితే అది పట్టుకునేది సరుకు గురించిన అబద్ధాన్ని. సరుకు నిజంగానే మంచిదై, పొగడ్త కూడా నిజమే అయి, పొగిడేవాడు ఎవరి మనిషో మాత్రం దాచితే? దానికి అప్పట్లో ఆ చట్టంలో జవాబు లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఖాళీలోనే జపాన్ ఇంటర్నెట్ పెరిగింది. 1999 ఫిబ్రవరిలో డొకోమో కంపెనీ ఫోన్లలో ఐ-మోడ్ మొదలుపెట్టింది. కంప్యూటర్ లేనివాళ్లు కూడా రైల్లో నిలబడి నెట్ వాడటం నేర్చుకున్నారు. ఆ సర్వీసు కోసం షిగెతాకా కురితా బృందం తయారుచేసిన 176 చిన్న బొమ్మలు ఇప్పటి ఇమోజీలకు పూర్వీకుల్లాంటివి. అదే ఏడాది 2ఛానెల్ అనే చర్చావేదిక వచ్చింది. అక్కడ పేరు రాయకపోతే ‘పేరులేనిగారు’ అని దానంతటదే పడేది. దాదాపు అందరూ పేరులేనిగార్లే. ఎవరైనా ఏదైనా వస్తువును కాస్త ఎక్కువగా మెచ్చుకుంటే కింద వెంటనే ‘షాయిన్ ఒత్సు’ అని పడేది. ‘కంపెనీ ఉద్యోగిగారూ, డ్యూటీ బాగా చేశారు’ అని ఎకసెక్కం. మాట్లాడేది ఎవరో తెలియని చోట, ఎవరి జీతం మీద మాట్లాడుతున్నాడో అని అనుమానపడటం జనానికి అప్పుడే అలవాటైంది.

2004లో వచ్చిన ‘మిక్సీ’ అనే సోషల్ నెట్‌వర్క్ దీనికి పూర్తిగా భిన్నం. తెలిసినవాళ్లు పిలిస్తేనే లోపలికి వెళ్లగలిగేవారు. నా పేజీని ఎవరు చూసి వెళ్లారో ‘అడుగుజాడలు’ చూపించేవి. చూసి కూడా ఏమీ రాయకపోతే బాగుండదేమోనన్న టెన్షన్ మొదలై, చివరికి ‘మిక్సీ అలసట’ అనే మాటే పుట్టింది. 2008లో ట్విటర్, ఫేస్‌బుక్ రెండూ జపనీస్‌లోకి వచ్చాయి. ఫేస్‌బుక్ అసలు పేరు అడిగింది, ట్విటర్ అడగలేదు. జపాన్‌లో ట్విటర్ అంతగా పాతుకుపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. లిపి కూడా కలిసొచ్చింది. ఒక్కో అక్షరమే ఒక మాటకు సరిపోయే ‘కంజీ’ లిపితో ట్వీటుకు ఉన్న 140 అక్షరాల హద్దులోనే బోలెడు చెప్పొచ్చు. 2017లో ట్విటర్ పరిమితిని 280కి పెంచినప్పుడు జపనీస్, చైనీస్, కొరియన్ భాషలకు 140నే ఉంచింది. ఇంగ్లిష్ ట్వీట్లలో 9 శాతం పాత హద్దును తాకుతుంటే, జపనీస్‌లో తాకేవి 0.4 శాతమేనని కంపెనీ లెక్క చెప్పింది.

కంపెనీలు అక్కడ ఎలా మాట్లాడాలో నేర్చుకున్నది 2011లో అని నేను అనుకుంటాను. మార్చి 11 మధ్యాహ్నం 2:46కు తోహోకు భూకంపం. చాలా చోట్ల కరెంటు పోయింది, టీవీలు లేవు. హిరోషిమాలో ఒక స్కూలు పిల్లవాడు తన ఐఫోన్‌ను ఇంట్లో టీవీ ముందు పెట్టి, జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వార్తలను యూస్ట్రీమ్ అనే లైవ్ వీడియో సైటులో వదిలాడు. చట్టం ప్రకారం అది తప్పే. ఎన్‌హెచ్‌కే ప్రజాసంబంధాల విభాగం ట్విటర్ ఖాతా నడిపే వ్యక్తి ఆ లింకును ఆపమనలేదు, పైగా తనే పంచాడు. ఇది సంస్థ అనుమతేనా అని అడిగినవాళ్లకు, ఇది నా సొంత నిర్ణయం, తర్వాత బాధ్యత నేనే తీసుకుంటానని జవాబిచ్చాడు. ఆ తర్వాత ఎన్‌హెచ్‌కే తనే నెట్ ప్రసారానికి దిగింది.

ఖాతా వెనక కూర్చుని రాసే ఆ మనిషిని జపనీస్‌లో ‘నాకానో హితో’ అంటారు, అంటే లోపలి మనిషి. పేరుండదు, ముఖముండదు, కానీ ఎవరి మనిషో అందరికీ తెలుసు. ఎలక్ట్రానిక్స్ కంపెనీ షార్ప్, బరువు తూచే యంత్రాలు చేసే తానితా ఖాతాలు ఒకదాన్నొకటి ఆటపట్టించుకుంటుంటే జనం ప్రకటన అని తెలిసీ చదివారు. 2011 జూన్‌లోనే ‘లైన్’ అనే మెసేజింగ్ యాప్ వచ్చింది. కంపెనీ ఖాతాను స్నేహితుడిగా కలుపుకుంటే స్టిక్కర్లు ఉచితం. స్టిక్కర్ తీసుకుని ఖాతాను బ్లాక్ చేసేవాళ్లకు కొదవ లేదు. అయినా ఇందులో మోసమేమీ లేదు, ఎవరు ఏమిస్తున్నారో ఎదురుగా కనిపిస్తోంది.

2012లో చెడింది వేరే చోట. జనవరిలో రెస్టారెంట్ల రివ్యూ సైటు తబెలాగ్‌లో డబ్బు తీసుకుని మంచి రివ్యూలు రాయించే 39 సంస్థలు ఉన్నట్టు ఆ సైటు నడిపే కంపెనీయే ప్రకటించింది. టోక్యోలో ఎక్కడ తినాలో ఆ స్టార్లు చూసి తేల్చుకునేవాళ్లకు ఇది చిన్న దెబ్బ కాదు. డిసెంబరులో ‘పెన్నీ ఆక్షన్’ మోసంలో అరెస్టులు జరిగాయి. వేలంలో ప్రతి పాటకూ రుసుము లాగుతూ, ఎంత పాడినా వస్తువు దక్కనివ్వని సైట్లు అవి. అంతకుముందు కొందరు టీవీ తారలు తమ బ్లాగుల్లో ‘నాకు ఇంత చవగ్గా దొరికింది’ అని ఫొటోలు పెట్టారు. వాళ్లు వేలంపాటలో పాల్గొననేలేదని అప్పుడు తెలిసింది. సుతెమా అనే మాట ఆ ఏడాది ఇంటింటికీ చేరింది.

మరి చట్టానికి ఇంకో పదకొండేళ్లు ఎందుకు పట్టింది? పరిశ్రమ తనను తాను సరిదిద్దుకుంటుందని నమ్మారు. నోటిమాట మార్కెటింగ్ సంస్థలు 2009లోనే సంఘం పెట్టుకున్నాయి, మార్గదర్శకాలు రాసుకున్నాయి. సంఘంలో చేరనివాడికి అవి వర్తించవు. చేతికి చిక్కనివాళ్లే ఎక్కువ.

2019 డిసెంబర్ 3న ఏడుగురు మాంగా (జపనీస్ కామిక్స్) చిత్రకారులు ఇంచుమించు ఒకే సమయానికి ‘ఫ్రోజెన్ 2’ చూసిన అనుభవాన్ని బొమ్మల కథలుగా ట్విటర్‌లో పెట్టారు. ఎక్కడా ప్రకటన అని లేదు. చూసేవాళ్లకు టైము చూడగానే అర్థమైపోయింది. కొద్ది రోజుల్లోనే డిస్నీ జపాన్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. నిజానికి ఆ బొమ్మలు బాగున్నాయి, సినిమా నచ్చే రాసి ఉండొచ్చు కూడా. ముందే ‘పీఆర్’, అంటే ప్రచారం, అని పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇక్కడ మన సినిమా గుర్తొస్తుంది. 2017 చివర్లో జపాన్‌లో విడుదలైన ‘బాహుబలి 2’కి జనం తాంబూరిన్లు, లైట్లు పట్టుకుని ‘కేకల ప్రదర్శనల’కు వెళ్లారు. 2022 అక్టోబరులో వెళ్లిన ‘ఆర్ఆర్ఆర్’ నెలల తరబడి ఆడింది. రెంటికీ బలం ప్రేక్షకులు ట్విటర్‌లో పెట్టిన బొమ్మలు, మాటలే. నోటిమాటను జపాన్‌లో ‘కుచికోమి’ అంటారు. ఆ మాట మీద అంత నమ్మకం ఉన్నచోట అది కొన్నదని తెలిస్తే కోపం కూడా అంతే వస్తుంది.

2022లో వినియోగదారుల సంస్థ 300 మంది ఇన్‌ఫ్లుయెన్సర్లను అడిగితే, 41 శాతం మంది తమను సుతెమా చేయమని అడిగారన్నారు. వాళ్లలో దాదాపు 45 శాతం మంది ఒప్పుకున్నారు కూడా. ఏడాది తిరక్కుండా నిబంధన వచ్చింది. దాని కిటుకు సులువైనది. పొగడ్త నిజమా అబద్ధమా అని చూడరు, అది వ్యాపారి చేయించినదని మామూలు మనిషికి తెలుస్తోందా లేదా అన్నదే చూస్తారు. ‘ప్రకటన’, ‘పీఆర్’ లాంటి మాట స్పష్టంగా ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో ఇరికిస్తే చెల్లదు. 2024లోనే చోకోజాప్ జిమ్‌లు నడిపే రైజాప్‌కు, మందుల కంపెనీ తైషోకూ ఉత్తర్వులు అందాయి. తైషో విషయంలో, తాము చేయించిన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులనే సొంత సైటులో వాడుకుని, చేయించిన సంగతి చెప్పలేదు.

జపాన్‌లో దెబ్బ పడేది వ్యాపారి మీదే, రాసినవాడి మీద కాదు. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రచారం చేసినవాళ్లకు కూడా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కాగితం మీద మనదే గట్టి చట్టం. ఐస్‌క్రీమ్ మాత్రం ఇంకా ఫ్రీగానే వస్తోంది.

జపాన్ నిబంధనలో ఇంకో మెలిక ఉంది. 2023 అక్టోబర్‌కు ముందు పెట్టిన పోస్టు అయినా, అది ఇంకా కనిపిస్తూ, దాన్ని మార్పించే వీలు వ్యాపారికి ఉంటే లెక్కలోకి వస్తుంది. అంటే ఎప్పుడో డబ్బిచ్చి పెట్టించిన లిప్‌స్టిక్ ఫొటోను కూడా వెతికి పట్టుకుని, పెట్టినవాళ్లకు ఫోన్ చేసి, ‘పీఆర్’ అని రెండక్షరాలు చేర్పించాలి, లేదా తీయించాలి.