పటంలో కదిలేది గాలా, కాలమా?

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు మూడు రోజులు టీవీల్లో, ఫోన్లలో తిరిగిన పటాల్లో అందరూ వెతికింది ఒక్క చుక్క కోసమే. నేలని ఎక్కడ తాకుతుంది? నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య అని వాతావరణ శాఖ చెప్పింది, అలాగే జరిగింది. కానీ 3, 4 తేదీల్లో నీళ్లలో మునిగింది బాపట్లకి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న చెన్నై. విమానాశ్రయం రన్‌వే మీద నీళ్లు నిలిచి విమానాలు ఆగిపోయాయి. వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. తుఫాను దారిని చూపే గీత చెన్నైని తాకనే లేదు, సుమారు వంద కిలోమీటర్ల అవతల సముద్రం మీదుగా పోయింది. భారీ వర్షాల హెచ్చరిక చెన్నైకీ ఉంది, కాకపోతే అది మాటల్లో ఉంది. కళ్లు మాత్రం గీత చివర చుక్క మీదే ఉన్నాయి.

ఆ గీత చెప్పలేకపోయింది ఏమిటంటే, చెన్నైకి ఎదురుగా వచ్చాక తుఫాను బాగా నెమ్మదించింది. గంటల తరబడి అక్కడక్కడే తచ్చాడుతూ మేఘాలను ఊరి మీదకి తోస్తూ ఉండిపోయింది. అలవాటున్నవాళ్లు గీత మీద కొన్ని గంటలకొకటిగా పెట్టిన చుక్కలు దగ్గరగా పడ్డాయా, దూరంగా పడ్డాయా అని చూసి వేగం పట్టేస్తారు. మిగతావాళ్లకి అది ఉత్త గీత. అదే దారిని యానిమేషన్‌లో నడిపిస్తే ఎవరూ వివరించనక్కర్లేదు. సుడి వచ్చి చెన్నై పక్కన కూర్చుంటుంది, ఎంతకీ కదలదు. చూసేవాళ్లకి విసుగు పుడుతుంది. ఆ విసుగులోనే సమాచారం ఉంది.

పటాలు గీసేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టించుకున్నారు. కార్టూన్ సినిమాల పద్ధతిని పటాలకీ వాడొచ్చని నార్మన్ త్రోవర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1959లోనే వ్యాసం రాశాడు. 1970లో వాల్డో టోబ్లర్ అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో జనాభా ఎలా పెరుగుతూ పోయిందో కంప్యూటర్‌తో సినిమాగా తీశాడు. పటం మీద తేడాలు చూపడానికి ఏమేం సాధనాలున్నాయో, అంటే పరిమాణం, ఆకారం, రంగు, దిశ లాంటివి, ఫ్రాన్స్‌కి చెందిన జాక్ బెర్టిన్ 1967లో ఒక క్రమంలో పెట్టాడు. అదంతా కాగితానికి సంబంధించిన లెక్క. 1992లో డేవిడ్ డిబయాస్, ఆయన సహచరులు కదిలే పటానికి కొత్త సాధనాలు చేర్చారు. ఒక దృశ్యం తెర మీద ఎంతసేపు నిలుస్తుంది, దానికీ తర్వాతి దృశ్యానికీ మధ్య మార్పు ఎంత, దృశ్యాలు ఏ వరసలో వస్తాయి అన్నవి. చెన్నై పక్కన తుఫాను ఆగిపోవడాన్ని చూపేది ఇందులో మొదటిది. రంగు మార్చలేదు, బాణం గీయలేదు, కాసేపు అలా ఉంచారు అంతే.

ఇక్కడిదాకా కదలిక అంటే కాలం. తెర మీద ఒక సెకను గడిస్తే సముద్రంలో కొన్ని గంటలు గడిచినట్టు. చిక్కేమిటంటే, తుఫాను వస్తోందంటే మనం ఇప్పుడు ఎక్కువగా తెరిచేది ఈ రకం పటం కాదు. నీలి, ఆకుపచ్చ, ఎరుపు రంగుల మీద సన్నటి తెల్లని పోగులు ప్రవాహంలా పారుతూ, తుఫాను ఉన్నచోట గుండ్రంగా సుళ్లు తిరిగే పటం. 2012లో ఫెర్నాండా వియెగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ అమెరికా మీద వీచే గాలికి ఇలాంటి పటం చేశారు. దాన్ని చూసి ముచ్చటపడి కామెరాన్ బెకారియో అనే ప్రోగ్రామర్ 2013లో భూగోళం మొత్తానికీ చేశాడు. దాని పేరే ‘ఎర్త్’. ఆ మరుసటి ఏడాది చెక్ దేశం నుంచి విండీ వచ్చింది. ఇప్పుడు జాలరిపేటల్లో కుర్రాళ్ల దగ్గర నుంచి టీవీ స్టూడియోల దాకా అందరి చేతుల్లోనూ విండీయే.

ఈ పోగులు కదులుతుంటే గాలి మన కళ్లముందే వీస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ పటంలో కాలం ఆగిపోయి ఉంది. మీరు తెరిచిన క్షణంలో కనిపించేది, ఉదాహరణకి, సాయంత్రం ఐదున్నర గంటల గాలి. పది నిమిషాలు చూసినా అది ఐదున్నర గాలే. కింద ఉన్న స్లైడర్‌ని మీరు కదిపితేనో, ప్లే నొక్కితేనో తప్ప గడియారం ముందుకు పోదు. మరి ఆ కదలిక దేనిది?

అది ఎలా తయారవుతుందో చూస్తే తెలుస్తుంది. అమెరికా వాతావరణ సంస్థ నడిపే జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ నమూనా రోజుకి నాలుగుసార్లు ప్రపంచమంతటికీ అంచనా వేస్తుంది. ఆ ఫలితం మనకి అందేది గళ్ల రూపంలో. బాగా సన్నని గడి పావు డిగ్రీ, అంటే సుమారు 28 కిలోమీటర్లు. ప్రతి గడి మూల దగ్గరా రెండు అంకెలుంటాయి: గాలి తూర్పు వైపు ఎంత వేగంతో పోతోంది, ఉత్తరం వైపు ఎంత. ఇక మీ ఫోన్ పని మొదలు. అది తెర మీద వేల చుక్కలను ఎక్కడపడితే అక్కడ చల్లుతుంది. ప్రతి చుక్కా తన చుట్టూ ఉన్న నాలుగు మూలల అంకెలను చూసి, వాటి మధ్య విలువని లెక్కగట్టుకుని ఒక అడుగు వేస్తుంది. తర్వాతి ఫ్రేమ్ గీసేముందు పాత ఫ్రేమ్ రంగుని కొంచెం పలచన చేస్తారు. అందుకే చుక్క వెనక తోక మిగిలి, మెల్లగా మాసిపోతుంది. కొన్ని అడుగులయ్యాక చుక్కని చంపేసి మరోచోట పుట్టిస్తారు. లేకపోతే చుక్కలన్నీ గాలి కలిసేచోటికి వెళ్లి గుమిగూడతాయి, మిగతా సముద్రం ఖాళీ అయిపోతుంది.

అంటే ఆ పోగుల పరుగు దిశనీ వేగాన్నీ చూపే గుర్తు మాత్రమే. పాత పటాల్లో బాణాలు చేసిన పనే ఇది. చుక్కల వేగం కూడా అసలుది కాదు. అసలు వేగంతో కదిలిస్తే, బంగాళాఖాతం మొత్తం తెర మీద పట్టేలా చూస్తున్నప్పుడు, పెనుతుఫానులో చుక్క కూడా కదులుతోందో లేదో తెలియదు. అందుకే వేల రెట్లు పెంచుతారు. ఇది మోసమేమీ కాదు, పటం అంటేనే ఎంతో కొంత కుదింపు. కాకపోతే కాగితం పటం మూలన ‘ఇంత దూరానికి ఇన్ని కిలోమీటర్లు’ అని స్కేలు వేసేవాళ్లు, కదిలే పటం మీద ‘కదలికని ఇన్ని రెట్లు పెంచాం’ అని రాసేవాళ్లు అరుదు. రాయాలనే నా పట్టు.

28 కిలోమీటర్ల గడికి ఇంకో పర్యవసానం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు గాలులు గంటకు 170-180 కిలోమీటర్ల వేగం అందుకున్నాయి. తుఫానులో అంతటి గాలి ఉండేది కన్ను, అంటే సుడి నడిమధ్య ఖాళీ, చుట్టూ ఉన్న సన్నటి వలయంలో. గడి పెద్దదైతే ఆ వలయం సగటులో కరిగిపోతుంది. కాబట్టి ప్రపంచ నమూనాల మీద నడిచే ఈ అందమైన పటాలు పెనుతుఫాను గరిష్ఠ వేగాన్ని తరచు తక్కువ చేసి చూపుతాయి. జూమ్ చేస్తూ పోతే వీధి పేర్లు కూడా కనిపిస్తాయి, జీఎఫ్ఎస్ గాలి మాత్రం అదే 28 కిలోమీటర్ల గాలి. మన వీధి మీద పోగు పారుతుంటే అది మన వీధి గాలే అనిపిస్తుంది. కాదు.

అయితే ఇదే పటం బాణాలు చేయలేని మేలు ఒకటి చేస్తుంది. కన్ను ఊరి మీదుగా పోతే ఏం జరుగుతుందో విశాఖవాసులు హుద్‌హుద్ నాడు చూశారు. భీకరంగా వీచి, మధ్యలో కాసేపు సద్దుమణిగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. సుడి మధ్య ఖాళీనీ, దానికి ఇటు ఒక దిక్కుకి, అటు వ్యతిరేక దిక్కుకి పారే పోగులనీ ఒకసారి చూసినవాళ్లు ఆ మధ్య ప్రశాంతతని నమ్మి బయటకు రారు. అన్నట్టు, బంగాళాఖాతంలో తుఫాను గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. ఏ టీవీ గ్రాఫిక్‌లోనైనా సుడి అటు కాకుండా ఇటు తిరుగుతుంటే, ఆ బొమ్మ గీసినవాళ్లు గాలి అంకెలు చూడలేదన్నమాట.

పటాన్ని వేలితో తాకి నడిపించడం కూడా కొత్తదేం కాదు. 1978లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఆస్పెన్ అనే కొండ ఊరి వీధుల్లో కారు మీద కెమెరాలు పెట్టి, పది అడుగులకొక ఫొటో చొప్పున తీసి లేజర్ డిస్క్‌లోకి ఎక్కించారు. తెరని తాకితే ముందుకు పోవచ్చు, కూడలిలో ఎటు తిరగాలో చూసేవారి ఇష్టం. ఆకురాలు కాలంలో తీసిన వీధినీ మంచు కప్పిన అదే వీధినీ మార్చి మార్చి చూడొచ్చు. ఇలాగే వీధుల ఫొటోల్లో తిరగనిచ్చే గూగుల్ స్ట్రీట్ వ్యూ హైదరాబాద్ సహా పది భారతీయ నగరాలకు వచ్చింది 2022లో.

ఫోన్‌లో పటం ఇంత చురుగ్గా స్పందించడానికి కారణం దాన్ని చిన్న చదరపు ముక్కలుగా కోసి పెట్టడం. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చినప్పుడు ఈ పద్ధతికి ప్రచారం దొరికింది. జూమ్ సున్నా దగ్గర ప్రపంచమంతా 256 పిక్సెళ్ల ఒకే చదరం. ఒక మెట్టు దిగితే అది నాలుగవుతుంది, ఇంకో మెట్టుకి పదహారు. పద్దెనిమిదో మెట్టుకి ప్రపంచం సుమారు 6,872 కోట్ల ముక్కలు. మీ తెర మీద పట్టే ఇరవై ముప్పైని మాత్రమే తెప్పించుకుంటే చాలు.

కదిలే బొమ్మ, తాకితే పలికే బొమ్మ, రెండూ ఉన్నాయి కాబట్టి జనానికి బాగా అర్థమవుతుందని అనుకోవడం సహజం. బార్బరా ట్వెర్‌స్కీ, ఇద్దరు సహచరులు 2002లో యానిమేషన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను తిరగేసి నిరాశపరిచే మాట చెప్పారు. సమాచారం సమానంగా ఉంటే కదిలే బొమ్మ కదలని బొమ్మ కంటే మెరుగని తేలడం లేదు. మెరుగని తేలినచోట చాలాసార్లు యానిమేషన్‌లో అదనపు సమాచారమైనా ఉంది, చూసేవాళ్లకి అదుపైనా ఉంది. కారణం ఊహించదగినదే. ఒక మూల చూస్తుంటే మరో మూల మార్పు జరిగిపోతుంది. ఇప్పుడున్న ఫ్రేమ్‌ని ఎప్పుడో పోయిన ఫ్రేమ్‌తో పోల్చాలంటే జ్ఞాపకం మీదే ఆధారపడాలి. ఆరు గంటలకొకటి చొప్పున నాలుగు చిన్న పటాలు పక్కపక్కన పెడితే కళ్లు హాయిగా అటూ ఇటూ తిరుగుతాయి.

అందుకే నా దృష్టిలో తుఫాను పటంలో అన్నిటికన్నా విలువైన భాగం ఆ స్లైడర్. ఆపి, వెనక్కి లాగి, ‘రాత్రి తొమ్మిదికి ఎక్కడుంది, పన్నెండుకి ఎక్కడుంది’ అని చూసుకోగలగడం. అదే పటాన్ని ఎవరో స్క్రీన్ రికార్డింగ్ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు పోయేది సరిగ్గా ఇదే. స్లైడర్ ఉండదు, తేదీ కత్తిరించేసి ఉంటుంది, ఏ నమూనా ఎప్పుడు వేసిన అంచనానో తెలియదు. మిగిలేది సుడి, దాని కింద ఎవరో కలిపిన సైరన్ మోత. టెన్షన్ పెంచడానికి అంతకంటే ఏం కావాలి?

శబ్దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. స్వరం ఎత్తు, గట్టిదనం, అది వచ్చే దిక్కు లాంటివాటితో పటంలో సమాచారం ఎలా చెప్పొచ్చో జాన్ క్రైగియర్ 1994లోనే వివరంగా రాశాడు. చూపు లేనివారికి తాకితే మాట్లాడే పటాలున్నాయి. మన దగ్గర ఇంకాస్త నేల మీది ఉదాహరణ ఉంది. సముద్రం ఛాయలే లేని హైదరాబాద్‌లో ఉండి సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్లని ఉపగ్రహాల ద్వారా పసిగట్టి మత్స్యకారులకి పంపుతుంది. పటమూ ఉంటుంది, దాంతోపాటు ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుకి ఇన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఇంత అని తెలుగులో మాటలూ ఉంటాయి. నడిసంద్రంలో తడి చేతులతో స్క్రీన్‌ని రెండు వేళ్లతో జూమ్ చేయమనడం కంటే ఇది ఎంతో తెలివైన పని.

తుఫాను పటాల్లో ఇంకా తేలని ముడి ఒకటుంది, అనిశ్చితి. రేపటి సంగతి గీతగా గీస్తే జనం గీతనే నమ్ముతారు. అందుకని గీత చుట్టూ, రోజులు గడిచేకొద్దీ వెడల్పయ్యే శంకువు లాంటి ఆకారం, అంటే కోన్, గీస్తారు. మన వాతావరణ శాఖ 2009 నుంచి దీన్ని వాడుతోంది. అమెరికా హరికేన్ కేంద్రం కోన్‌కి అర్థం, తుఫాను కేంద్రం మూడింట రెండు వంతుల సార్లు దాని లోపలే ఉంటుందని. అంటే మూడోసారి బయట. చాలామంది మాత్రం కోన్ వెడల్పవుతుంటే తుఫాను పెద్దదవుతోందనుకుంటారు, బయట ఉన్నాం కాబట్టి మనకేం ఫరవాలేదనుకుంటారు. పైగా కోన్ చెప్పేది కేంద్రం గురించే. వాన, గాలి, ఉప్పెన దానికి ఎంత దూరమైనా పోవచ్చు.

2013లో జొనాథన్ కాక్స్, డొనాల్డ్ హౌస్, మైకేల్ లిండెల్ దీనికి యానిమేషన్‌తో మందు వేయబోయారు. కోన్ తీసేసి, తుఫాను పోగల దారులను ఒక్కొక్కటిగా తెర మీద గీస్తూ పోయారు. పాతవి మాసిపోతుంటే కొత్తవి పడుతుంటాయి. గీతలు ఎక్కువగా పడే చోట ప్రమాదం ఎక్కువ, అరుదుగా పడేచోట తక్కువ, కానీ సున్నా కాదు. గాలి పటం పోగుల్లాంటిదే ఉపాయం, కదలిక అర్థం మాత్రం ఇక్కడ మూడో రకం: కాలమూ కాదు, గాలీ కాదు, అవకాశాల లెక్క. కోన్ కంటే ఇది నిజానికి దగ్గరగా ఉంది. అయితే కదలని బొమ్మలో ఇలాంటి గీతల గుంపుని జనానికి చూపించి 2017లో చేసిన మరో పరిశోధనలో కొత్త చిక్కు బయటపడింది. ఏదో ఒక గీత సరిగ్గా ఒక ఊరి మీదుగా పోతే, అక్కడ నష్టం ఎక్కువని చూసేవాళ్లు అంచనా వేస్తున్నారు. రెండు గీతల మధ్య సందులో పడ్డ ఊరిని తక్కువగా లెక్కిస్తున్నారు. యూరప్ వాతావరణ కేంద్రం నమూనా 51 దారులు గీస్తుంది. ఆ యాభై ఒక్కటిలో ఒకటి మన ఊరి మీదుగా, ఇంకొకటి పక్క ఊరి మీదుగా పోయిందంటే అందులో పెద్ద అర్థం లేదు, మరోసారి నమూనా నడిపితే అవి అటూ ఇటూ అవుతాయి. కానీ పటంలో మొదట తమ ఊరి కోసమే వెతికే మనుషులకి ఆ మాట ఏ బొమ్మతో చెప్పాలన్నది ఇంకా తేలలేదు.