మందులు మింగినవాళ్లతో ఈదిన అమ్మాయి

బంగారు తల్లులూ, నాన్నలూ,

"అడ్డదారిలో వచ్చినవాళ్లే గెలుస్తుంటే మేం ప్రాక్టీస్ చేసి ఏం లాభం తాతయ్యా?" అని మీరడిగిన మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కష్టానికి ఫలితం ఎప్పుడూ దక్కుతుందని చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టలేను. అది నిజం కాదు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో షర్లీ బాబషాఫ్ అనే అమెరికా అమ్మాయి 200, 400, 800 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదింది. మూడింట్లోనూ రెండో స్థానమే. మూడుసార్లూ ఆమెకన్నా ముందు గోడ తాకింది తూర్పు జర్మనీ (అప్పట్లో అది వేరే దేశం) వాళ్లే. ఆడవాళ్ల ఈతలో 13 స్వర్ణాలుంటే 11 వాళ్లకే వెళ్లాయి. వాళ్ల గొంతులు, కండలు చూస్తే బలం పెంచే మందులు వాడుతున్నారేమోనని అనుమానంగా ఉందని షర్లీ పైకే అంది. ఓడిపోయిన అక్కసు అంటూ పత్రికలు ఆమెనే వెక్కిరించాయి. పందొమ్మిదేళ్ల పిల్ల అది ఎలా తట్టుకుందో!

ఇక మిగిలింది నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలా వంద మీటర్లు ఈదే రిలే. మూడో వంతులో జిల్ స్టెర్కెల్ జట్టును ముందుకు తెచ్చింది. ఆఖరి వంద మీటర్లు షర్లీ ఈదింది. 3 నిమిషాల 44.82 సెకన్లు, ప్రపంచ రికార్డు. తూర్పు జర్మనీ ఒక్క సెకను కూడా తేడా లేకుండా వెనక నిలిచింది.

1989లో బెర్లిన్ గోడ కూలాక తూర్పు జర్మనీ రహస్య కాగితాలు బయటపడ్డాయి. షర్లీ అనుమానం నిజమే. అయినా ఆ పతకాలు ఇప్పటికీ మారలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇంకొకటి: ఆ జర్మనీ పిల్లల్లో చాలామందికి ఆ మందుల నీలం మాత్రలు విటమిన్లని చెప్పి ఇచ్చారు. పెద్దయ్యాక ఎందరో జబ్బులపాలయ్యారు. అందుకే నా కోపం పక్క లైన్లో ఈదిన అమ్మాయి మీద కాదు, ఆమె చేతిలో మాత్ర పెట్టిన పెద్దవాళ్ల మీద.

మీకు అనుమానం వస్తే దాచుకోకండి. చూసింది చూసినట్టు కోచ్‌కి చెప్పండి, నిర్వాహకులకు రాసివ్వండి. అయితే ఎదుటివాళ్లు పొడుగ్గా, బలంగా ఉండటం మోసం కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. మీ టైమింగ్ మాత్రం మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పోయిన నెలకన్నా అర సెకను తగ్గితే, అది ఎవరూ లాక్కోలేని మీ సంపాదన.

ఆదివారం రండి, ఆ రిలే వీడియో కలిసి చూద్దాం. మూడో వంతు ఈదిన జిల్‌కు అప్పటికి పదిహేనేళ్లే, మన పెద్దదాని వయసు.

ప్రేమతో,
మీ తాతయ్య