థీమ్ పార్కులో డిజైనర్ చూడాల్సింది ఏమిటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఆసుపత్రులకు, దుకాణాలకు యాప్‌లు డిజైన్ చేస్తుంటాను. ఈ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలను బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా థీమ్ పార్కుకు ఒకసారి పోయి రమ్మంటాను. అప్పుడు ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: అక్కడ నేర్చుకునేది రంగులు, హంగులు, రైడ్‌లే.

వాస్తవం: రైడ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా నడవడం, వెతుక్కోవడం, క్యూలో నిలబడడం. మనం చూడాల్సింది అదే.

అపోహ: జనానికి విసుగు ఆలస్యం వల్లే. వేగం పెంచితే చాలు.

వాస్తవం: ఎంతసేపో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. క్యూలలో మనుషుల మనసు ఎలా ఉంటుందో మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశారు. ఊరికే నిలబడితే కాలం సాగినట్టుంటుంది, ఎంతసేపో తెలియకపోతే ఇంకా సాగుతుంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల భవంతి రైడ్ చూడండి. జనాన్ని ముందు ఒక గదిలో నిలబెడతారు. గోడలు, పటాలు పైకి సాగుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఆ గది ఒక లిఫ్ట్, కిందికి దిగుతూ ఉంటుంది. అసలు రైడ్ ఉన్నది రైలు పట్టాల అవతల, అక్కడికి సొరంగంలో పోవాలి. ఆ ప్రయాణాన్నే కథలో మొదటి ఘట్టం చేశారు. నాకు ఎంతో ఇష్టమైన డిజైన్ ఇది.

ఇక మన యాప్‌లలో? ఆసుపత్రి బిల్లు కట్టిన మనిషికి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, స్క్రీన్ మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎంత టెన్షన్! 'డబ్బు అందింది, రసీదు తయారవుతోంది' అని చూపిస్తే ఊపిరి పీల్చుకుంటాడు. అయితే డబ్బు నిజంగా అందాకే ఆ మాట చూపించాలి. తగ్గించగలిగిన ఆలస్యాన్ని బొమ్మలతో కప్పిపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: బోర్డులు ఎక్కువ పెడితే ఎవరూ దారి తప్పరు.

వాస్తవం: డిస్నీల్యాండ్ 1955లో తెరిచినప్పటి నుంచీ ప్రధాన వీధి చివర కోట కనిపిస్తూనే ఉంది. బోర్డు చూడకుండానే కాళ్లు అటే పోతాయి. యాప్ మొదటి స్క్రీన్‌లోనూ ముఖ్యమైన పని ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడాలి.

అపోహ: ఇవన్నీ పెద్ద ఊర్ల ముచ్చట్లు.

వాస్తవం: ఫలానా సమయానికి రండి అని చీటీ ఇచ్చే ఫాస్ట్‌పాస్‌ను డిస్నీ పార్కులు 1999లో తెచ్చాయి. తిరుమలలో దర్శనం టైమ్ వేసి ఇచ్చే టోకెన్ చేసే పనీ అదే. మన ఓపీలోనూ ఇప్పుడు ఏ నంబరు నడుస్తోందో ఫోన్‌లో తెలుగులో చూపిస్తే, కళ్యాణదుర్గం నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చిన పెద్దాయన నిశ్చింతగా టిఫిన్ చేసి వస్తాడు. ఆయన వచ్చేసరికి నంబరు దాటిపోతే ఎవరిని అడగాలో కూడా ఆ స్క్రీన్ మీదే రాయండి.