క్రైస్తవ బోధ, సోషలిజం: కొన్ని అపోహలు, వాస్తవాలు

క్రైస్తవ సంఘ చరిత్ర బోధించేవారికి క్రీస్తును తొలి సోషలిస్టుగా కొలిచేవారూ తారసపడతారు, సోషలిజమంటేనే దైవద్రోహమని తీర్పు చెప్పేవారూ తారసపడతారు. విచిత్రమేమిటంటే, ఇరువురూ తరచుగా సాక్ష్యానికి పిలిచేది తొలి క్రైస్తవుల కథ చెప్పే బైబిలు గ్రంథం అపొస్తలుల కార్యములనే.

అపోహ: తొలి క్రైస్తవులు ఆచరించింది సోషలిజమే.

వాస్తవం: యెరూషలేము విశ్వాసులు పొలాలు, ఇళ్లు అమ్మి, ఆ సొమ్మును అపొస్తలుల పాదాల వద్ద పెట్టగా, ఎవరి అక్కరను బట్టి వారికి పంచిపెట్టేవారని ఆ గ్రంథం 2, 4 అధ్యాయాల్లో ఉంది. అయితే 5వ అధ్యాయంలో, పొలం అమ్మిన విశ్వాసి అననీయను గద్దించిన అపొస్తలుడు పేతురు, అమ్మకముందు పొలమూ, అమ్మిన తరువాత సొమ్మూ అతని వశంలోనే ఉన్నాయని గుర్తుచేస్తాడు. అంటే అతని దోషం ఆస్తి ఉంచుకోవడం కాదు, కొంత దాచుకొని అంతా ఇచ్చినట్లు నటించడం. ఆ పంపకం వెనుక స్వచ్ఛందమైన విశ్వాసముంది. ఉత్పత్తి సాధనాలను సమాజపరం చేసే ప్రణాళిక గాని, దాన్ని అమలుచేసే రాజ్యాధికారం గాని లేవు.

అపోహ: అలాగైతే సొంత ఆస్తి హక్కు క్రైస్తవంలో తిరుగులేనిది.

వాస్తవం: ఇది మొదటిదానికన్నా బలహీనమైన వాదమని నా అభిప్రాయం. భూమి దేవునిది గనుక దాన్ని శాశ్వతంగా అమ్మకూడదనీ, చేతులు మారిన పొలం యాభయ్యో ఏట, అంటే సునాద సంవత్సరంలో, అసలు కుటుంబానికి తిరిగి చేరాలనీ లేవీయకాండము 25వ అధ్యాయం విధించింది. ధనికుడు దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిదేనని 4వ శతాబ్దంలో బిషప్ బాసిల్ బోధించాడు. ఆ లెక్కన దానం దయ కాదు, బాకీ తీర్చడం. 1891లో పోప్ పదమూడవ లియో వెలువరించిన 'రేరుమ్ నోవారుమ్' అనే అధికారిక లేఖ సోషలిజాన్ని తిరస్కరించి సొంత ఆస్తిని సమర్థించిన మాట నిజమే. కానీ కార్మికుడు ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదనీ, సంఘాలు పెట్టుకోవడం కార్మికుల సహజ హక్కనీ చెప్పినది కూడా ఆ లేఖే. దాన్ని ఉదహరించేవారిలో చాలామంది సగంలోనే ఆగిపోతారు.

అపోహ: మతాన్ని మార్క్స్ నల్లమందన్నాడు గనుక క్రైస్తవం, సోషలిజం ఎన్నడూ కలవలేదు.

వాస్తవం: 1848లో ఇంగ్లండులో మారిస్, కింగ్స్లీ, లడ్లో మొదలుపెట్టిన ఉద్యమం క్రైస్తవ సోషలిజం పేరుతోనే నడిచింది. బరువు మోసేవారిని ఓర్పుతో పడి ఉండేలా చేసే నల్లమందుగా బైబిలును వాడుకున్నామని ఆ ఏడాదే రాసిన కింగ్స్లీ స్వయానా మతగురువు. అదే ఏడాది వెలువడిన మార్క్స్, ఎంగెల్స్‌ల కమ్యూనిస్టు ప్రణాళిక మాత్రం క్రైస్తవ సోషలిజాన్ని ఎద్దేవా చేసింది. 1931లో పోప్ పదకొండవ పియస్ నిఖార్సైన సోషలిస్టు మంచి క్యాథలిక్ కాలేడని ప్రకటించాడు. అయితే ప్రొటెస్టెంట్ వేదాంతి కార్ల్ బార్త్ 1915లోనే, స్విట్జర్లాండులో పాస్టరుగా ఉంటూ, సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరాడు.

అపోహ: 'పనిచేయనివాడు తినకూడదు' అన్నది సోవియట్ నినాదం.

వాస్తవం: 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలో ఆ సూత్రం ఉంది గాని, దాని మూలం పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయం. పౌలు హెచ్చరించింది సోమరులుగా తిరుగుతూ సంఘానికి భారమైన విశ్వాసులను; సోవియట్ రాజ్యాన్ని స్థాపించిన బోల్షివిక్కులు గురిపెట్టినది ఆస్తి మీద వచ్చే రాబడితో బతికేవారిని.