కొండ ఎక్కే కుక్క తనంతట తాను ఆగదు: అపోహలు, వాస్తవాలు

నవంబరు మొదలుకొని ఫిబ్రవరి దాకా, సోమవారం ఉదయం మా ఆసుపత్రి తలుపులు తీసేసరికి, ముందురోజు కొండకు వెళ్లివచ్చిన కుక్క ఒకటైనా వరండాలో నీరసంగా పడుకొని ఉంటుంది. విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్లుగా పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్నాను. వంజంగి మేఘాలను చూడటానికో, అనంతగిరి, అరకు దారుల్లో నడవడానికో ఇంటిల్లిపాదీ బయలుదేరినప్పుడు కుక్కను కూడా వెంట తీసుకువెళ్లడం ఈ మధ్య బాగా పెరిగింది. నాలుగు గోడల మధ్య బతికే జీవానికి అంతకు మించిన ఆనందం లేదు కనుక, దానిని నేను ఎన్నడూ వద్దనలేదు. అయితే వరండాలో కూర్చున్న యజమానులు కళ్లనీళ్లు పెట్టుకొని చెప్పే మాట మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటే: "మేడమ్, దారంతా మాకన్నా ముందే పరుగెత్తాడు, అలిసిపోతే వాడే ఆగేవాడు కదా?"

అపోహ: అలిసిపోతే కుక్క తనంతట తానే ఆగిపోతుంది

ఆగదు. నా దగ్గరకు వచ్చే కుక్కల ప్రాణాలను అన్నిటికన్నా ఎక్కువగా బలిగొంటున్న నమ్మకం ఇదే కనుక ముందుగా దీని గురించే చెబుతాను. కుక్క మందతో కలిసి నడిచే జంతువు, దాని మంద మీరే. మీరు ముందుకు సాగుతున్నంతసేపు, కాళ్లు తడబడుతున్నా సరే, అది మీ వెనక వస్తూనే ఉంటుంది. పైగా కొత్త వాసనలు, కొత్త మనుషులు, కోతులు కనిపించిన ఉత్సాహంలో దానికి తన ఒంటి వేడి తెలియదు. మీరు 4 కిలోమీటర్లు నడిస్తే, ముందుకు పరుగెత్తి మళ్లీ వెనక్కి వచ్చే కుక్క అంతకు రెట్టింపు దూరం తిరుగుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. మనకు ఆ వేడి ఒళ్లంతా పట్టే చెమటతో బయటకు పోతుంది. కుక్కకు అటువంటి చెమట అరికాళ్ల మెత్తల్లో తప్ప మరెక్కడా పట్టదు, ఆ కాస్త చెమట వల్ల ఒరిగేది ఏమీ లేదు. నాలుక చాపి రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసుకోవడమే దానికి ఉన్న ముఖ్యమైన మార్గం. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ తడి సరిగా ఆవిరి కాదు. అది ఎంత రొప్పితే ఛాతీ కండరాలు అంత శ్రమపడి, ఇంకా వేడిని పుట్టిస్తాయి. మా తమ్ముడు ఉండే అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే కొండదారుల మీదికి కుక్కలను తీసుకురాకూడదని 2016లో నిబంధన పెట్టారు. అది పొడిగాలి వీచే ఎడారి ప్రాంతం. తేమతో ఉక్కపోసే మన తూర్పు కనుమల్లో 85 డిగ్రీలకే కుక్క ప్రాణం మీదికి రావచ్చు. మూసిన కారులో వదిలేస్తే కుక్కకు వడదెబ్బ తగులుతుందని అందరికీ తెలుసు, కానీ బ్రిటన్‌లో లక్షలాది కుక్కల వైద్య రికార్డులను పరిశీలించినప్పుడు, వడదెబ్బ కేసుల్లో అత్యధికం నడక, పరుగు, ఆటల వల్లనే వచ్చాయని తేలింది.

బ్రూనో అనే నాలుగేళ్ల లాబ్రడార్‌ను నేను మరచిపోలేను. 38 కిలోల బరువు, అంటే ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువే. డిసెంబరులో తెల్లవారుజామున నాలుగున్నరకు, మనుషులు స్వెటర్లు వేసుకొని వణుకుతున్న వేళ, వాడు వంజంగి కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. పైన సూర్యోదయం అయ్యాక, అక్కడికి వచ్చిన పిల్లలందరూ బంతి విసురుతుంటే గంటసేపు ఆడాడు. ఎండెక్కాక తొమ్మిదిన్నరకు దిగడం ప్రారంభించారు. దారిలో వాడు రెండుసార్లు పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్లు చాపి పడుకున్నాడట. బిస్కెట్ చూపించి బుజ్జగిస్తే లేచాడు. ఆ రెండుసార్లూ వాడు తనకు చేతనైన భాషలో "ఇక నావల్ల కాదు" అని చెప్పాడు, కానీ ఆ భాష ఇంట్లో ఎవరికీ తెలియదు. పాడేరు నుంచి వస్తూ చోడవరం దాటాక మూర్ఛ వచ్చింది. మా బల్ల మీద పడుకోబెట్టేసరికి ఒంటి వేడి ఇంకా 106 డిగ్రీలు దాటే ఉంది. కుక్కకు మామూలుగా ఉండవలసింది 101 నుంచి 102.5. మూడో రోజున రక్తం గడ్డకట్టే శక్తి పూర్తిగా పోయి, పొట్ట చర్మం మీద ఎర్రటి మచ్చలు తేలి, నెత్తుటి విరేచనాలతో చనిపోయాడు.

అందుకే కొండ మీద కుక్క ముఖాన్ని ఎలా చదవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మామూలుగా రొప్పే కుక్క నాలుక సన్నగా, గులాబీ రంగులో, లయగా కదులుతూ ఉంటుంది. వేడి మితిమీరినప్పుడు అదే నాలుక చివర గరిటెలా వెడల్పై, అంచులు పైకి మడతపడి, ఎంత సేపటికీ నోటిలోకి వెళ్లదు. చొంగ నీళ్లలా కాక తీగలు తీగలుగా సాగుతుంది. చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరుగుతాయి. రొప్పుతున్న శబ్దం గరగరమని గొంతులోంచి వస్తుంది. ముందు నడిచే కుక్క వెనకబడితే, ప్రతి చెట్టు నీడ దగ్గరా నిలబడితే, పిలిస్తే చెవులు కదపకపోతే, అక్కడే ఆగి, నీడలో కూర్చోబెట్టి, నీళ్లు పట్టి, రొప్పు పూర్తిగా తగ్గేదాకా లేవకూడదు. తగ్గాక కూడా పైకి కాదు, కిందికే రావాలి. ఇరవై నిమిషాలకొకసారి అది అలసినా అలవకపోయినా ఆపడం ఇంకా మంచి పద్ధతి. పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి పొట్టి ముక్కు జాతులను, స్థూలకాయం ఉన్నవాటిని అసలు ఎత్తులకు తీసుకువెళ్లవద్దు. కరుస్తుందన్న భయంతో మూతికి బిగుతైన చిక్కం కట్టి కొండ ఎక్కించడమంటే, రొప్పే దారిని కూడా మూసివేయడమే.

అపోహ: వేడెక్కిన కుక్క మీద చల్లటి నీళ్లు పోస్తే షాక్ తగిలి చనిపోతుంది

బ్రూనోను తెచ్చిన కారు డిక్కీలో మూత తీయని లీటరు నీళ్ల సీసాలు ఆరు ఉన్నాయి. కొండ కింద ఎవరో పెద్దమనిషి చల్లటి నీళ్లు పోయవద్దన్నాడట. ఆ మాటకు జడిసి వాళ్లు ఆ సీసాలను ముట్టుకోలేదు. చల్లటి నీళ్లకు చర్మం కింది రక్తనాళాలు ముడుచుకొని వేడి లోపలే ఉండిపోతుందన్న వాదన పాత పుస్తకాల్లో ఉన్న మాట నిజమే. చాలాకాలం వైద్యులు కూడా గోరువెచ్చని నీళ్లే వాడమనేవారు, కనుక భయపడినవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ సలహా మారి చాలా రోజులైంది. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు కుక్కనైతే వాగులోనో తొట్టిలోనో తల మునగకుండా పట్టుకొని, ఒళ్లు మునిగేలా ఉంచవచ్చు. ముసలివాటికీ, గుండె జబ్బో ఊపిరి ఇబ్బందో ఉన్నవాటికీ దొరికిన నీళ్లను ఒంటి మీద, ముఖ్యంగా పొట్ట కింద, తొడల లోపలి వైపు ధారాళంగా పోస్తూ, టవలుతోనో అట్టముక్కతోనో గట్టిగా విసరాలి. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయని చూస్తూ కూర్చోవద్దు, మీ ఒంటి కన్నా చల్లగా ఉంటే చాలు. తడి టవలును కప్పి వదిలేస్తే కాసేపటికి అది వేడెక్కి దుప్పటిలా మారుతుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటరు ఉంటే 103.5 డిగ్రీలకు దిగగానే తడపడం ఆపి, కారులో ఏసీ పూర్తిగా పెట్టి బయలుదేరాలి.

ఇదే సందర్భంలో మరొక ప్రమాదకరమైన అలవాటును కూడా చెప్పాలి. ఒళ్లు కాలిపోతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర వేసి తీసుకువస్తున్నారు. వడదెబ్బ జ్వరం కాదు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర ఆ మెదడుకు సర్దిచెబుతుంది. వడదెబ్బలో వేడి బయటకు పోలేక పేరుకుంటుంది కనుక ఆ మాత్రతో ఒక్క డిగ్రీ కూడా తగ్గదు సరికదా, అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద మరో దెబ్బ పడుతుంది. ఐబుప్రోఫెన్ అయితే కడుపులో పుండ్లు పడి మూత్రపిండాలు పాడవుతాయి. దయచేసి మనుషుల మాత్రలు ఏవీ వేయవద్దు.

"లేచి నిలబడింది, తోక ఊపింది, ఇంక పరవాలేదు" అనుకొని ఇంటికి తీసుకుపోవడం కూడా తప్పే. లోపలి అవయవాల నష్టం ఒక్కోసారి రెండు మూడు రోజులకు గాని బయటపడదు. నిలబడిన కుక్కకు కూడా రక్తపరీక్ష అవసరం.

అపోహ: మన దేశవాళీ కుక్కకు ఏ ఎండా తగలదు

ఎండకు అలవాటుపడిన దేశవాళీ కుక్క, చలి దేశాల హస్కీ జాతి కన్నా బాగా తట్టుకుంటుంది, సందేహం లేదు. అయితే ఆ అలవాటు వీధిలో తిరిగే కుక్కది గాని, ఏసీ గదిలో పెరిగినదానిది కాదు. ఒళ్లు ఎండకు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నా దగ్గర మల్లి అనే దేశవాళీ కుక్క ఉండేది. ఒక మార్చి నెలలో దానిని సింహాచలం కొండల వెనక వైపు నడకకు తీసుకువెళ్లాను. ఒక మలుపు దగ్గర అది రాయికి ఆనుకొని నిలబడి కదలనంది. మొండితనమనుకొని పట్టీ రెండుసార్లు లాగాను. మూడోసారి లాగబోతూ కిందికి చూస్తే, నాలుక చివర వెడల్పై అంచులు మడతపడి ఉన్నాయి. నేను రోజూ బల్ల మీద చూసే నాలుకే అది. ఆ రోజు దానిని భుజాన వేసుకొని దిగాను. ఇంట్లోని జీవం విషయంలో వైద్యురాలి కళ్లు కూడా మూసుకుపోతాయని అప్పటి నుంచి యజమానులను గట్టిగా అడగడం తగ్గించాను.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. చలికాలంలో వడదెబ్బ తగలదన్నది తప్పని బ్రూనో కథ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. హస్కీ బొచ్చు పూర్తిగా గొరిగించవద్దు, లోపలి మెత్తటి జుట్టును దువ్వి తీసేస్తే చాలు, గొరిగితే చర్మం నేరుగా ఎండకు మాడుతుంది. అరికాళ్లు గట్టివన్న ధీమా వద్దు. భువనగిరి కోట వంటి బండరాతి కొండల మీద ఉదయం పదిగంటల తరువాత మీ అరచేతిని రాతికి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ రాతి మీద కుక్కను నడిపించకూడదు.

పిడుదులు పట్టవని వెల్లుల్లి తినిపించడం వట్టి పుకారే కాదు, హానికరం కూడా, ఎందుకంటే వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. అడవిదారిలో పిడుదులు తప్పవు కనుక వెళ్లేముందే పశువైద్యుడు రాసిన మందు వేయించి, తిరిగి వచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య వెతకండి. వారం పది రోజులకు జ్వరం వచ్చి చిగుళ్లు తెల్లబడితే కొండకు వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. పాము కాటుకు గుడ్డ బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, పసరు పోయడం ఏవీ పనిచేయవు. కుక్కను నడిపించకుండా ఎత్తుకొని, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి ముందే ఫోను చేసి వెళ్లాలి.

పట్టీ కట్టి ఉంటే ఎక్కడికైనా తీసుకువెళ్లవచ్చన్నదీ నిజం కాదు. కంబాలకొండ వంటి అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కలను తీసుకువెళ్లరాదు. కుక్క అడవి జంతువులను తరమడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటి ఒంట్లో దొరికింది మన కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరసే. చిరుతలు తిరిగే చోట తెల్లవారుజామున, సంధ్యవేళ కుక్క వాటికి ఆహారమన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి.

గత జనవరిలో మరో లాబ్రడార్ అదే వంజంగి దారిలో అలాగే పడుకుంది. ఆ ఇంటి అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, ఎవరెన్ని చెప్పినా వినకుండా తమ దగ్గరున్న నీళ్లన్నీ దాని పొట్ట కింద పోసి, చున్నీతో పావుగంట విసిరి, ఆ తరువాత కారెక్కించింది. నా దగ్గరకు వచ్చేసరికి వేడి 103 ఉంది. నాలుగు రోజులు సెలైన్ పెట్టాం, బతికింది. మొన్న టీకాకు వచ్చినప్పుడు వాళ్ల నాన్నగారు, మళ్లీ కొండకు తీసుకువెళ్లవచ్చా అని బెరుకుగా అడిగారు. ఒకసారి వడదెబ్బ తగిలిన కుక్కకు మళ్లీ తగిలే అవకాశం ఎక్కువ కనుక, ముందు 4 కిలోలు తగ్గించమని, తరువాత నెలరోజులు సాయంత్రాలు బీచ్ రోడ్డులో మెల్లగా దూరం పెంచుతూ నడిపించమని, కొండకైతే సూర్యోదయం కాగానే దిగిపోవాలని చెప్పాను. బరువు తూచి పుస్తకంలో రాసుకున్నాం: 36 కిలోలు.