ఒక లీటరు, ఒక మి.లీ., ఒక నిమిషం: పిల్లల వార్డు నుంచి అపోహలు - వాస్తవాలు

పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి పద్నాలుగేళ్ళు దాటింది. విరేచనాలు, జ్వరం, జ్వరంతో వచ్చే ఫిట్స్, ఆయాసం: మా దగ్గర చేరే అయిదేళ్ళలోపు పిల్లల్లో చాలామంది ఈ నాలుగింటిలో ఏదో ఒకదానితోనే వస్తారు. ఈ జబ్బుల్లో డాక్టరుగారు రాసే మందు ఎంత ముఖ్యమో, ఇంటికి వెళ్ళాక తల్లి చేతుల మీదుగా జరిగే సంరక్షణ కూడా అంతే ముఖ్యం. అందుకే డిశ్చార్జి కాగితం ఇచ్చే ముందు "అర్థమైందా అమ్మా?" అని అడిగి ఊరుకోము, అలా అడిగితే ప్రతి తల్లీ తల ఊపుతుంది. "ఇంట్లో ఎలా చేస్తావో ఒకసారి చేసి చూపించమ్మా" అంటాము. అప్పుడే ఎక్కడ పొరపాటు జరుగుతున్నదో, దాని వెనుక ఏ నమ్మకం ఉన్నదో బయటపడుతుంది. ఇన్నేళ్ళలో నాకు అర్థమైనది ఏమిటంటే, బిడ్డకు ముప్పు తెచ్చే అపోహల్లో చాలావరకు కొలత లేనిచోటే పుడతాయి. ఎన్ని నీళ్ళు, ఎన్ని మి.లీ., ఎన్ని నిమిషాలు అన్నది లెక్కగా తెలిసిన ఇంట్లో అవి ఎక్కువకాలం నిలవవు.

అపోహ: ఓఆర్‌ఎస్ పొడిని (విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజుల పొడి) గ్లాసుకు కొంచెం చొప్పున, అవసరమైనప్పుడల్లా కలుపుకోవచ్చు.

ఒక ఎండాకాలం తొమ్మిది నెలల బాబును తీసుకొచ్చిన తల్లిని, ఓఆర్‌ఎస్ ఎలా కలుపుతావో చూపించమన్నాను. ఆమె ప్యాకెట్టు అంచు చింపి, స్టీలు గ్లాసెడు నీళ్ళలో రెండు చిటికెల పొడి వేసి, మిగిలినదాన్ని జాగ్రత్తగా మడిచి కొంగున ముడివేసుకుంది. రెండు రోజులుగా ఇంట్లోనూ అలాగే పట్టిందట. బాబు కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే ముడత వెంటనే సర్దుకోలేదు. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిందని నేను ఎన్నటికీ అనను. ప్యాకెట్టు ఇచ్చినవారు కలిపే పద్ధతి చూపించలేదు, అంతే.

వాస్తవం: 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో కలపాలి. లీటరు కొలతకు ఇంట్లో ఉండే మంచినీళ్ళ సీసా చాలు. బజారులో 200 మి.లీ. నీటికి సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి కనుక ఎన్ని నీళ్ళకు ఏ ప్యాకెట్టో దాని మీద చదివి తీరాలి. ఈ కొలతకు కారణం ఉన్నది. మన పేగు గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉంటుంది. అవి వెళ్తూ నీటిని తమ వెంట లాక్కుపోతాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. కలిపిన నీళ్ళు పలుచనైతే ఒంట్లోంచి పోయిన లవణాలు తిరిగి అందవు. చిక్కనైతే మరీ ప్రమాదం, ఎందుకంటే అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది, రక్తంలో సోడియం హద్దు మీరుతుంది. ఒకసారి కలిపినది 24 గంటలలోపే వాడి, మిగిలితే పారబోయాలి.

ఈ మందు విలువను లోకానికి చూపినవారిలో మన దేశపు పిల్లల వైద్యుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ముఖ్యులు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, ఆయన ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అక్కడ సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఇది నేను ప్రతి తల్లికీ చెబుతాను, ఎందుకంటే "సెలైన్ ఎక్కించకపోతే ఎలా తగ్గుతుంది సిస్టరమ్మా?" అన్న ప్రశ్న మా వార్డులో రోజూ వినిపిస్తుంది. బిడ్డ తాగగలిగినంతవరకు నోటి ద్వారా ఇచ్చేదే మేలైన దారి. తాగలేనంత నీరసపడినప్పుడు, తాగినది తాగినట్టు వాంతి అవుతున్నప్పుడు సెలైన్ పెట్టక తప్పదు.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., రెండేళ్ళు దాటిన బిడ్డకు 100 నుంచి 200 మి.లీ. పట్టాలి, రెండు నెలలలోపు పసికందుకు అయిదు చెంచాలు చాలు, ఆ వయసు బిడ్డను ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆమె చేసిన మేలుకు మాలాంటి నర్సులందరం ఋణపడి ఉన్నాము.

అపోహ: విరేచనాలప్పుడు కడుపు మాడ్చాలి, లంఖణం పరమౌషధం.

వాస్తవం: ఆ సామెత పసిపిల్లల విరేచనాలకు వర్తించదు. తల్లిపాలు ఒక్క పూట కూడా మానిపించకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తగా ఉడికిన పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. సగ్గుబియ్యం జావ, పాలగుండ జావ పెద్దలు ప్రేమతో కాచి ఇచ్చేవే, వాటిని వద్దనము. కానీ మూడు రోజులు అవి మాత్రమే పెడితే బిడ్డ చిక్కిపోతుంది. విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింకు మాత్ర విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. విరేచనాలు మూడో రోజుకు తగ్గగానే ఆపేస్తారు. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., ఆ పైన 20 మి.గ్రా. చొప్పున 14 రోజులూ ఇవ్వాలి. పేగు కోలుకోవడానికీ, తర్వాతి నెలల్లో విరేచనాలు మళ్ళీ రాకుండా ఉండడానికీ జింకు తోడ్పడుతుంది. ఇక "పళ్ళు వస్తున్నాయి, విరేచనాలు మామూలే" అన్న మాట నమ్మి ఆలస్యం చేయకండి. పళ్ళొచ్చే వయసులోనే బిడ్డ నేల మీద పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది, క్రిములు అలా చేరుతాయి. విరేచనంలో రక్తం కనిపించినా, ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి రావాలి.

అపోహ: జ్వరానికి వాడే చుక్కల మందు పసిపిల్లలకిచ్చేది కాబట్టి దాని పవరు తక్కువ.

వాస్తవం: దీని గురించి నేను అందరికన్నా ఎక్కువ పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే ఇది చదువుకున్న ఇళ్ళలోనూ జరుగుతుంది. మన దగ్గర దొరికే పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక్క మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లలో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్నది ఒకటి, 250 మి.గ్రా. ఉన్నది ఇంకొకటి. చిన్న బిడ్డకు తక్కువ పరిమాణంలో పట్టడానికి వీలుగా చుక్కల మందును చిక్కగా తయారుచేస్తారు. ఒక తండ్రి జ్వరం తగ్గడం లేదని, సిరప్ అయిపోతే ఇంట్లో ఉన్న చుక్కల సీసా తీసి, అలవాటు ప్రకారం చెంచా నింపి పట్టబోయి, అనుమానం వచ్చి మాకు చూపించారు. 5 మి.లీ. పట్టే ఆ చెంచాలో 500 మి.గ్రా. ఉన్నది. బాబు బరువు పది కిలోలు. ఒక మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., అంటే ఆ బాబుకు 100 నుంచి 150 మి.గ్రా. మాత్రమే. చుక్కల మందైతే 1 నుంచి 1.5 మి.లీ., 250 సిరప్ అయితే 2 నుంచి 3 మి.లీ., 125 సిరప్ అయితే 4 నుంచి 6 మి.లీ. ఆ చెంచాడు మూడు మోతాదులను మించినది. అలాంటివి మళ్ళీ మళ్ళీ పడితే కాలేయం దెబ్బతింటుంది.

కాబట్టి సీసా మీద "ప్రతి మి.లీ.కి" అని ఉన్నదా, "ప్రతి 5 మి.లీ.కి" అని ఉన్నదా ముందు చూడండి. వంటింటి చెంచా వద్దు. సూది లేని సిరంజితో గాని, సీసాతో వచ్చిన మూతతో గాని కొలవండి. మోతాదుకూ మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ కలిసి ఉంటుంది గనుక డాక్టరును అడగకుండా రెండూ ఇవ్వకండి. దుప్పట్లు కప్పి చెమట పట్టించడం, ఐసునీళ్ళతో తుడవడం రెండూ తప్పే. పలుచని నూలు బట్ట వేసి, గాలి ఆడనిస్తే చాలు. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంటి వైద్యం అసలే వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకురావాలి.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలి, నాలుక కరుచుకోకుండా పళ్ళ మధ్య చెంచా పెట్టాలి.

వాస్తవం: తాళాల గుత్తి పట్టుకుని పరుగున వచ్చే తండ్రులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ క్షణంలో వారికి తెలిసినది అదొక్కటే. ఇనుము వల్ల ఫిట్స్ ఆగవు. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఆరు నెలల నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లల్లో వస్తాయి, ఎక్కువసార్లు అయిదు నిమిషాలలోపే వాటంతట అవే ఆగిపోతాయి. ఇనుము చేతిలో పెట్టిన కాసేపటికి ఆగడం చూసి ఇనుమే ఆపిందని నమ్ముతారు. చెంచా పెడితే పాలపళ్ళు విరిగి గొంతులోకి జారవచ్చు. నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. చేయవలసినవి కొన్నే. బిడ్డను నేల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్ట వదులు చేయాలి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలి. ముందే ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన ఫిట్స్‌ను ఆ రోజే డాక్టరుకు చూపించి తీరాలి. "మా పాపకు మూర్ఛరోగం పట్టిందా?" అని ఏడ్చే తల్లులకు నేను చెప్పేది ఇది: ఈ పిల్లల్లో మూడింట ఒక వంతు మందికి ఇంకోసారి జ్వరంలో ఫిట్స్ రావచ్చు, కానీ అత్యధికులకు మూర్ఛవ్యాధి రాదు, చదువుకూ బుద్ధికీ లోటుండదు.

ఆటలమ్మ పోసిన బిడ్డకు స్నానం చేయించకూడదన్నది అపోహే. గోరువెచ్చని నీటితో ఒళ్ళు శుభ్రంగా ఉంచి, గోళ్ళు కత్తిరిస్తే పొక్కులు చీము పట్టవు. వేపాకు పెట్టుకోండి, అమ్మవారికి దణ్ణం పెట్టుకోండి. డాక్టరుకు చూపించడం మాత్రం మానకండి, ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకండి.

అపోహ: ఇన్‌హేలర్ అలవాటైతే జీవితాంతం మానలేరు, సిరప్పే నయం.

వాస్తవం: ఆయాసానికి, పిల్లికూతలకు ఇచ్చే సాల్బుటమాల్ సిరప్ 5 మి.లీ.లో 2 మి.గ్రా. మందు ఉంటుంది. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే ఆ చెంచాడు సిరప్‌లో ఇరవయ్యో వంతు. అది నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక కొద్ది మందుతోనే త్వరగా పనిచేస్తుంది, చేతుల వణుకు, గుండెదడ తక్కువగా ఉంటాయి. చిన్నపిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) తప్పనిసరి. మాస్కు ముఖానికి అంటిపెట్టి అయిదారు శ్వాసలు తీసుకోనివ్వాలి.

అపోహ: డొక్కలు ఎగరేస్తుంటే వాత పెట్టించాలి, లేదా ఆవిరి పట్టి తెల్లవారేదాకా చూడాలి.

వాస్తవం: అది న్యుమోనియా కావచ్చు. పొట్ట మీద వాతలతో వచ్చిన పసిబిడ్డకు కాలిన పుండు నొప్పి ఒకవైపు, ఆయాసం మరొకవైపు; ఊపిరి తీసిన ప్రతిసారీ ఆ పుండు సాగి బిడ్డ మూలుగుతుంటే పక్కన నిలబడి ఆక్సిజన్ పెట్టిన రాత్రి నాకు మరపురాదు. ఆయాసాన్ని కొలవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయవద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా సాగదు. రెండు నెలలలోపు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40 గాని అంతకు మించి గాని వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగలేకపోతున్నా లెక్కపెట్టడానికి కూడా ఆగకండి. అర్ధరాత్రైనా 108కు ఫోన్ చేసి, బిడ్డను తల్లి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని బయలుదేరండి.